హోదాను బట్టి చుక్కలు

ఆ ఆఫీసు చరిత్ర ఎవరైనా రాయదలిస్తే దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు: స్కానరు రాకముందు, వచ్చాక. రెండో యుగానికి కర్త రికార్డు గుమాస్తా. కాగితం మీద సంతకం ఎవరిదో చూసి, దానికి తగ్గ స్పష్టతను ప్రసాదించడం ఆయన నెలకొల్పిన సంప్రదాయం. జవాన్ల సెలవు చీటీకి అంగుళానికి వంద చుక్కలు, అదీ నలుపు తెలుపుల్లో. సూపరింటెండెంటు సంతకానికి మూడు వందలు. ఆపైవాళ్ళకు ఆరు వందలు, నిండు రంగుల్లో. పెద్దవాళ్ళను తక్కువ చుక్కల్లో చూపించడం, ఆయన లెక్కలో, వాళ్ళ ముందు కాలు మీద కాలేసుకు కూర్చోవడమే. పదకొండేళ్ళుగా ఈ రాజ్యాంగానికి సవరణ లేదు. కంప్యూటరు నిండిపోయి మొరాయించినప్పుడల్లా ఆయన వైరస్‌ను అనుమానించేవాడు.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు ఆయన కూతురు పరుగున వచ్చింది. మూడేళ్ళుగా ఒక చిన్న నర్సింగు హోములో టెంపరరీ నర్సు. పెద్దాసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. అన్నీ నింపేసింది, నర్సింగు సర్టిఫికెట్టు ఒక్కటే ఎక్కించాలి. అయిదు వందల కేబీ దాటితే వెబ్‌సైటు పుచ్చుకోదు.

తండ్రి సర్టిఫికెట్టు చూశాడు. కింద ప్రిన్సిపాలు సంతకం, పక్కనే రిజిస్ట్రారు సంతకం. మారుమాట లేకుండా ఆరు వందలు పెట్టాడు. పదకొండు ఎంబీ వచ్చింది. వెబ్‌సైటు ఛీ కొట్టింది. ఆయన స్కానరు అద్దం మీద దుమ్ముందేమోనని రుమాలుతో తుడిచి, మళ్ళీ ఆరు వందలే పెట్టాడు. మళ్ళీ పదకొండు.

"నాన్నా, తప్పు అద్దానిది కాదు. ఆ ఆరు వందలు తగ్గించు."

"రిజిస్ట్రారుగారి సంతకం అమ్మా అది."

ఆమెకు ఒళ్ళు మండింది. మౌసు లాక్కుని డెబ్బై అయిదు, నలుపు తెలుపు పెట్టింది. నలభై కేబీ. కానీ గుండ్రటి ముద్ర బొగ్గుముక్కయింది, లేత నీలి సంతకం గాల్లో కలిసిపోయింది, రిజిస్ట్రేషన్ నంబరులో మూడేదో ఎనిమిదేదో దేవుడికే తెలియాలి. తండ్రి చూశావా అన్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఆమెను తిట్టినదానికంటే ఎక్కువ మండించింది.

"బాబాయిగారూ, ఇంకో అరగంట ఇలాగే కానివ్వండి, పిల్లకి ఉద్యోగం బాధ తప్పుతుంది," అంది పక్క బల్ల దగ్గరి టైపిస్టు, తల ఎత్తకుండా.

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవన్నీ అక్కడ తెరిచి చూసేది ఎవరు నాన్నా? రిజిస్ట్రారా?"

"ఆయనెందుకు చూస్తాడు? నాలాంటి గుమాస్తా ఎవడో."

"వేలకి వేలు తెరవాలి కదా. కంప్యూటరు కూడా పాపం నీలాంటిదే ఇచ్చుంటారు. ఇంత ఫైలు పడి అది బిగుసుకుపోతే, దాని మీద సంతకం పెట్టినాయన్ని ఏమని తిట్టుకుంటాడో నీకే తెలియాలి."

ఆయనకు తెలుసు. ఆ పొద్దున్నే తన కంప్యూటరు బిగుసుకుపోయినప్పుడు ఆ మాటలన్నీ తనే వాడాడు. మౌసు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత రెండు వందల చుక్కలు పెట్టి, రంగు తీసేసి బూడిదరంగు ఎంచి, చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరించాడు. మూడు వందల పది కేబీ. ముద్రలో అక్షరాలు కనబడ్డాయి, సంతకాలు రెండూ నిలిచాయి. నంబరు కూతురి చేత అంకె అంకె చదివించాకే పంపనిచ్చాడు. ఇకమీదట అధికారులందరికీ రెండు వందలే చాలన్న ఆమె సలహాను మాత్రం అక్కడికక్కడే తోసిపుచ్చాడు.

నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు అందినట్టు రసీదు తెర మీదికొచ్చింది. ఇద్దరూ కలిసి చదివారు. అప్‌లోడ్ చేసిన ప్రతులను పరిశీలించరనీ, ఇంటర్వ్యూకు ఒరిజినల్స్ తెచ్చుకోవాలనీ అందులో ఉంది.