మూడో భాగంలో కెప్టెన్

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆలిస్‌కి ఇంగ్లీషులో వచ్చినవి మూడే ముక్కలు: డ్యూటీ, పాసు, సిక్ లీవు. అయినా ఇంగ్లీషు సినిమా అంటే చెవి కోసుకునేది. ఆ పిచ్చి అంటించింది మొగుడు విల్‌ఫ్రెడ్, వర్క్‌షాపులో ఫిట్టరు.

ఎనభై ఆరులో ఒక బొమ్మ వచ్చింది. సముద్రం అడుగునుంచి ఇనుప పీత ఒకటి లేచి ఓడల్ని నమిలేస్తుంది, ఒక కుంటి కెప్టెన్ దాన్ని వేటాడతాడు. విల్‌ఫ్రెడ్ పక్కన కూర్చుని చెవిలో తెలుగు చెబుతుంటే, పీత కనిపించకముందే ఆమెకు ఒళ్లు జలదరించింది. తొంభై రెండులో రెండో భాగం. చనిపోయిన స్నేహితుణ్ణి తలచుకుని కెప్టెన్ సముద్రం వైపు తిరిగి టోపీ తీశాడని విల్‌ఫ్రెడ్ చెప్పగానే ఆలిస్ కొంగు తడిసిపోయింది.

ఆ తర్వాత విల్‌ఫ్రెడ్‌కి నీటికాసులొచ్చి చూపు పోయింది. మనిషి గడప దాటడం మానేశాడు. చర్చికి రమ్మన్నా రాడు. తొంభై ఎనిమిదిలో మూడో భాగం వచ్చిందని తెలిసినప్పుడు మాత్రం తలెత్తాడు.

"కెప్టెన్ ఉన్నాడేటి?"

"ఆడు లేకపోతే బొమ్మేటండి? లెగండి, ఎల్దాం."

ఈ ఒక్క బొమ్మ నచ్చితే మనిషి మళ్లీ నలుగురిలో పడతాడని ఆమె ఆశ.

శనివారం మ్యాట్నీకి వెళ్లారు. ఈసారి చెవిలో చెప్పాల్సింది ఆమె. తీరా చూస్తే తెర మీద అంతా తారుమారు. అరగంటకోసారి కనపడి హడలెత్తించిన పీత ఇప్పుడు ఒకటి కాదు, వంద. సంతలో ఎండుచేపల్లా గుట్టలు గుట్టలు. ఒకటే పేలుళ్లు, భయపడ్డానికైనా తీరిక లేదు. పైగా కెప్టెన్ వేషంలో ఎవడో కండల కుర్రాడు, మాటవరసకైనా కుంటడు. తీసినవాళ్ల నోట్లో మన్నుపడ అనుకుంది.

విల్‌ఫ్రెడ్ ఆమె చెయ్యి పట్టుకుని వింటున్నాడు. ఆలిస్ తన మాటల్లో ఆ కుర్రాడికి పాత కెప్టెన్ నెరిసిన గడ్డం పెట్టింది. కాలు కుంటించింది. పోయిన స్నేహితుణ్ణి తలచుకుని మళ్లీ టోపీ తీయించింది.

తిరిగొస్తుంటే సుభాష్‌పల్లి మలుపు దగ్గర విల్‌ఫ్రెడ్ అన్నాడు.

"కెప్టెన్ గొంతు మారిపోయినాది. నాకు తెలీదనుకున్నావేటి?"

ఆలిస్ ఆగిపోయింది. "మీరు సిన్నబోతారని..."

"మొదటి రెండిట్లో నాకు మాత్రం ఇంగ్లీషు వొచ్చినాదేటి? స్నేహితుడు పోయినాడని నేనే కల్పించినాను. ఆడు టోపీ తీసింది ఉక్కపోతకేమో. మూడిట్లో ఇదే బాగున్నాది."

ఆరేళ్లుగా, లేని స్నేహితుడి కోసం కళ్లు తుడుచుకున్నందుకు ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఇంగ్లీషు రాని మనిషి తన కోసం రెండు సినిమాలు అల్లాడు. ప్రభువా, ఎంత మంచి అబద్ధాలకోరుని ఇచ్చావయ్యా అనుకుంది.

విల్‌ఫ్రెడ్ ఆమె భుజం మీద చెయ్యేసి నడుస్తూ అడిగాడు.

"రేపు సర్చి ఎన్ని గంటలకే?"