కోళ్ళ గూడు తీసేయమన్న కాగితం

కోళ్ళు పెంచాలన్న ఆలోచన నాది కాదు, పక్కింటామెది. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

హౌరా పక్కన లిలువా రైల్వే కాలనీలో మాది కింది వాటా క్వార్టరు. వెనక తలుపు తీస్తే నాలుగు మంచాలు పట్టేంత పెరడు, దాని చివర కాలనీ గోడ, గోడ అవతల రైలు పట్టాలు. నేను పుట్టి పెరిగింది ఈ కాలనీలోనే. మా నాన్న పనిచేసిన వర్క్‌షాపులోనే నా భర్త కూడా పనిచేస్తున్నాడు. పక్క క్వార్టరామె మాత్రం పెళ్ళయ్యాక శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చింది. రైలు దిగిన కొత్తలో ఆమెకు హిందీ రాదు, బెంగాలీ రాదు. కూరగాయలవాడితో బేరం దగ్గర నుంచి పిల్లాణ్ణి బళ్ళో వేయడం దాకా అన్నిటికీ నేనే వెంట వెళ్ళాను. నన్ను అప్పా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. ఇరవై అయిదేళ్ళు అలాగే గడిచాయి.

మా అమ్మాయి హాస్టల్లో చేరిన ఏడు ఇంట్లో నాకు ఏమీ తోచేది కాదు. ఓ మధ్యాహ్నం పెరట్లో కూర్చుని ఉంటే పక్కింటామె అంది, ఇంత జాగా ఊరికే పడి ఉంది, నాలుగు పెట్టల్ని పెంచుకోరాదా అని. వాళ్ళ పల్లెలో ఆమె తల్లి ఇరవై కోళ్ళు పెంచేదట. మర్నాడే ఇద్దరం హౌరా వెళ్ళి అట్టపెట్టెలో ఏడు పిల్లల్ని తెచ్చాం.

గూడు కట్టింది కూడా ఇద్దరమే. నా భర్త ఎక్కడినుంచో పాత చెక్కలు తెచ్చి పడేశాడు. వానాకాలంలో మా పెరట్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి కాబట్టి ఇటుకలు పేర్చి గూడు వాటి మీద నిలబెట్టాం. పట్టాల వైపు నుంచి ముంగిసలు వస్తాయి. అందుకని సన్న కన్నాల ఇనుప వల చుట్టూ కొట్టి, అడుగున కూడా వల పరిచాం. మేకులు ఆమె పట్టుకుంటే నేను కొట్టాను. ఒకసారి సుత్తి ఆమె బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది గాని ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

ఏడింటిలో ఒకటి పుంజని తేలింది, ఒకటి మొదటి చలికాలంలోనే చచ్చిపోయింది. మిగిలిన అయిదు పెట్టలూ ఆరో నెలలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. మొదటి గుడ్డు పావురం గుడ్డంత ఉంది, మీద సన్నటి నెత్తుటి చార. అరచేతిలో పెట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళి ఆమెను పిలిచి ముందు ఆమెకే చూపించాను.

కోళ్ళతో పని తెమలదు. పొద్దున లేవగానే నూకలూ తవుడూ కలిపి పెట్టాలి. గుడ్డు పెంకులు ఎండబెట్టి దంచి అందులో కలపకపోతే తర్వాత గుడ్లు గట్టి పెంకు లేని తోలుగుడ్లవుతాయి. పేలు పట్టకుండా పొర్లడానికి బూడిద గుంట కావాలి. రెండు రోజులు గూడు ఊడవకపోతే వాసన వస్తుంది, అది నాకు తెలుసు, అందుకే రోజూ ఊడ్చేదాన్ని. రెట్టలు మట్టిలో పూడ్చి మీద సున్నం చల్లేదాన్ని. వైశాఖం ఎండల్లో కోళ్ళు రెక్కలు విడిచి నోళ్ళు తెరిచి రొప్పుతుంటే గోనెపట్టాలు తడిపి గూటి మీద కప్పేదాన్ని. నాకు ఒంట్లో బాగోలేని రోజుల్లో ఆమె వచ్చి ఇవన్నీ చేసి పోయేది.

రోజుకు మూడు నాలుగు గుడ్లు వచ్చేవి. ఒకరోజువి మాకు, ఒకరోజువి వాళ్ళకి. వారానికి రెండు మేడమీద ముసలాయనకి.

ఆయన మా పై వాటాలో ఉండే బెంగాలీ కుటుంబంలో పెద్దాయన. కొడుకు వర్క్‌షాపులో ఉద్యోగి. ముసలాయనకు ఉబ్బసం. మెట్లు ఎక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఆగి దగ్గేవాడు. నన్ను బౌమా అని, కోడలిని పిలిచినట్టు పిలిచేవాడు. పుంజు కొత్తగా కూత నేర్చిన రోజుల్లో ఒకసారి మాత్రం కిందికి దిగి వచ్చి, మధ్యాహ్నం కునుకు పట్టనివ్వడం లేదమ్మా అని చెప్పాడు. ఆ వారంలోనే పుంజును ఇచ్చేశాను. ఆ తర్వాత ఆయనే, పుంజు లేకపోతే వెలితిగా ఉందని నవ్వాడు. చదివేసిన పేపర్లు గూట్లో పరచడానికి కట్ట కట్టి మెట్ల మీద పెట్టేవాడు.

మూడేళ్ళు అలా జరిగింది. నాలుగో ఏడు వానలు మొదలవకముందు కాలనీ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. క్వార్టరు పెరట్లో కోళ్ళు పెంచడం నిబంధనలకు విరుద్ధమని, ఫిర్యాదు అందిందని, దుర్వాసన వల్ల ఇరుగుపొరుగులో ఉన్న శ్వాస రోగి ఇబ్బంది పడుతున్నట్టు తెలిసిందని, వారంలోగా గూడు తీసేయాలని అందులో ఉంది.

కాగితం పట్టుకుని నేను నేరుగా పక్కింటికే వెళ్ళాను. ఆమె చదివించుకుని మేడ వైపు చూసింది.

"శ్వాస రోగి అంటే ఇంకెవులున్నారప్పా. ఆ ముసిలాయనే రాసుంటాడు. పుంజప్పుడు కూడా వచ్చి అడిగినాడు కాదేటి."

అంతకు ముందు నాకు ఆయన తలపుకు రాలేదు. ఆ మాట విన్నాక ఇంకెవరూ తలపుకు రాలేదు.

ఆఫీసుకు వెళ్ళి బతిమాలుకుందామని నా భర్తతో అన్నాను. ఉద్యోగం చేసే చోట గొడవ వద్దన్నాడు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా పిన్ని ఉంది. బాబాయి ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు, అద్దె ఇల్లే అయినా వెనక కొంచెం ఖాళీ ఉంది. కోళ్ళను అక్కడికి పంపుదామని నిశ్చయించుకున్నాం. గూడు విప్పిన రోజు పక్కింటామె పొద్దున్నే వచ్చింది. నేను నాలుగు మేకులు పీకి ఆపేశాను. పటకారు నా చేతిలోంచి తీసుకుని మిగతావన్నీ తనే పీకింది. తర్వాత టీ పెట్టి తెచ్చి, నా పక్కన ఇటుకల మీద కూర్చుని, నేను ఏడుస్తుంటే వీపు నిమిరింది. తను కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. నాకు అర్థం కానిది కూడా అదే.

ఆ రోజు నుంచి మేడమీద ఆయనతో మాటలు మానేశాను. మెట్ల దగ్గర ఎదురైతే తల తిప్పుకునేదాన్ని. బౌమా అని పిలిచినా విననట్టు లోపలికి వచ్చేసేదాన్ని. పేపర్ల కట్ట రెండు మూడు వారాలు మెట్ల మీద పెట్టాడు. నేను ముట్టలేదు. ఆ తర్వాత పెట్టడం మానేశాడు. ఆయన దగ్గు వినిపిస్తే, ఇంత మంచితనం నటించి వెనక నుంచి ఇలా చేస్తాడా అని నాలో నేను సణుక్కునేదాన్ని. ఆ సణుగుడు పక్కింట్లో కూడా వినిపించేదాన్ని. ఆమె ఊకొట్టేది.

దుర్గాపూజ సెలవులు అయ్యాక మా కాలువ పూడిపోయి నీళ్ళు వంటింట్లోకి ఎదురు తన్నాయి. ఆ పని మీద కాలనీ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా బిహారీ ఆయన, నెమ్మదస్తుడు. కాలువ సంగతి రాసుకున్నాక, పోనీ రెండు కోళ్ళయినా ఉంచుకోవడానికి వీలవుతుందా అని అడిగాను. మీ మీద రాతలో ఫిర్యాదు ఉందమ్మా, అది వెనక్కి తీసుకుంటే చూడవచ్చు అన్నాడు. ఫైలు తీసి కాగితం నా వైపు తిప్పాడు. అడుగున వేలు పెట్టి, ఈ సంతకం ఎవరిదో మాకు తెలియలేదు, ఇది మీ భాషే కదా, మీరే చదవండి అన్నాడు.

ఫిర్యాదు హిందీలో ఎవరి చేతో రాయించారు. కింద సంతకం తెలుగులో ఉంది.

ఆ సంతకం నేను నేర్పిందే. బ్యాంకులో వేలిముద్ర వేయడం సిగ్గుగా ఉందంటే, మా అమ్మాయి పాత నోటుబుక్కులో నెల రోజులు దిద్దించాను. చివరి అక్షరం మీద గుడి ఎప్పుడూ పక్క అక్షరం మీదికి పోయేది. ఈ కాగితం మీద కూడా అలాగే పోయింది.

చదవడం రాదని గుమాస్తాతో చెప్పాను. ఎందుకలా చెప్పానో తెలియదు. బయటికి వచ్చి రావిచెట్టు కింద సైకిలు స్టాండు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ముందు కోపం రాలేదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, వేరే కాగితమనుకుని సంతకం పెట్టి ఉంటుంది అనుకున్నాను. అలా అనుకుంటూనే వాళ్ళింటికి వెళ్ళాను.

ఆమె వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. నేను పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఆఫీసులో కాయితం చూసినాను. సంతకం నీదేనా?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. అబద్ధం చెబుతుందేమోనని చూశాను, చెప్పాలని కోరుకున్నాను కూడా.

"నాదేనప్పా" అంది.

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. అప్పట్లో వాళ్ళబ్బాయికి సంబంధం చూస్తున్నారు. పిల్ల తండ్రి బ్యాంకులో ఆఫీసరు, విశాఖపట్నం నుంచి బదిలీ మీద కలకత్తా వచ్చాడు. ఇల్లు చూడ్డానికి వస్తామన్నారట. వచ్చేవాళ్ళు పెరటి వైపు చూస్తే గోడ అవతల కోళ్ళ గూడు, రెట్టలు, ఈకలు. పల్లె నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా వీళ్ళకింకా పల్లె వాసన పోలేదనుకుంటారని ఆమెకు దిగులు పట్టుకుంది.

నాతో ఒక్క మాట అంటే పోయేది కదా అన్నాను. నేనే తీసేసి ఉండేదాన్ని.

"తీసేద్దువని తెలుసు. తీసేసి, నా దగ్గర ఏటీ అనకుండా మనసులో బాధ పడతావు. అది నాను సూళ్ళేను. ఆఫీసోళ్ళు తియ్యమన్నారంటే నీ కోపం ఆళ్ళ మీదకి పోద్ది, నా మీదకి రాదనుకున్నాను."

"మేడమీద ఆయన మీదకి వచ్చింది కదే."

ఆమె ఒళ్ళో పడిన చెక్కు ఏరి పళ్ళెంలో వేసింది.

"ఆ మాట ముందు అన్నది కూడా నువ్వే."

"నువ్వు కాయితం అట్టుకుని ఎదురుగా నిలబడ్డావు. ఏదో ఒకటి అనాలి కదా, అనీసినాను. తరవాత సెప్పడానికి నోరు రాలేదు."

ఆమె ఏడవలేదు, క్షమించమని కూడా అనలేదు. బీరకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నేను లేచి వచ్చేశాను.

గూడు పోయినందుకు కాదు నా బాధ. కొడుకు కోసం, పెళ్ళి కోసం మనిషి సిగ్గుపడటం నాకు అర్థమవుతుంది. కాని నెలల తరబడి నేను ఒక జబ్బు మనిషిని తిడుతుంటే ఎదురుగా కూర్చుని ఊకొట్టింది. ఆయన జబ్బును కాగితం మీద రాయించింది. నా భర్తకు చెబితే, కోళ్ళ కోసం పాతికేళ్ళ మనుషుల్ని వదులుకుంటావా అన్నాడు. కోళ్ళ కోసం కాదని ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు.

మేడ ఎక్కడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ముసలాయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఫిర్యాదు మీరు రాశారనుకున్నాను, నన్ను క్షమించండి అని నా బెంగాలీలో చెప్పాను. ఆయన ఒళ్ళోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, నువ్వు పలకకపోతే ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకున్నాను బౌమా, అడగడం బాగుండదని ఊరుకున్నాను అన్నాడు. ఎవరు రాశారని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. వాళ్ళ కోడలు టీ ఇచ్చింది. కప్పు నోటి దాకా తీసుకువెళ్ళి మళ్ళీ కింద పెట్టేశాను.

మాఘంలో పక్కింటి పెళ్ళి జరిగింది. పసుపు దంచడానికి ముత్తయిదువులను పిలుస్తూ ఆమె మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా బొట్టు పెట్టి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. పెళ్ళికి నా భర్త వెళ్ళాడు, నాకు జ్వరమని చెప్పాడు. ఎవరూ నమ్మి ఉండరు.

ఇప్పుడు నెలకోసారి ఖిదిర్‌పూర్ వెళతాను. హౌరాలో పడవెక్కి గంగ దాటి ఆ ఒడ్డున దిగి బస్సు పట్టుకుంటాను. చోటు మారాక నెలన్నర పాటు కోళ్ళు గుడ్లు మానేశాయని, తర్వాత సర్దుకున్నాయని పిన్ని చెప్పింది. నన్ను చూసి దగ్గరికేమీ రావు. నూకలు చల్లితే వస్తాయి, ఎవరు చల్లినా వస్తాయి. పిన్ని తవుడు పోసిన డబ్బాలో గుడ్లు సర్ది ఇస్తుంది. సగం మేడమీదికి పంపుతాను.

మొన్న అలా వచ్చేసరికి సందులో కుళాయి దగ్గర పక్కింటామె ఒక్కతే ఉంది. నా చేతిలో డబ్బా చూసింది.

"నీళ్ళు ఆగిపోతాయంట. పట్టుకో అప్పా" అని తన బిందె పక్కకు జరిపింది.

లోపలికి వెళ్ళి బకెట్టు తెచ్చాను. అది నిండేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. కుళాయి ధార అప్పటికే సన్నబడింది, చాలాసేపు పట్టింది.