ఆగిన మిల్లు మీద శాలువా

మా అమ్మ జూట్ మిల్లులో పనిచేసి రిటైరైంది. నేను విజయవాడలో పిల్లలకు పియానో నేర్పుతాను. కిందటేడు మా చర్చి హాల్లో జరిగిన సంగీత కార్యక్రమంలో, మిల్లు యంత్రాల హోరును పియానో మీద పలికించే ఒక ఆధునిక రచన వాయించాను. కొన్నిచోట్ల మోచేతులతో మెట్లన్నీ ఒక్కసారే నొక్కాలి. నెలల తరబడి సాధన చేశాను. కంకిపాడు నుంచి అమ్మను తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

చివరి భాగానికి ముందు యంత్రాలన్నీ ఆగిపోతాయి. కాసేపు పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాత మిల్లు మళ్ళీ కదలడమే ఆ రచనకు ప్రాణం. ఈ సంగతి చర్చి కార్యదర్శి గారికి ముందే చెప్పాను.

నేను చేతులెత్తి ఆగానో లేదో, ఆయన చప్పట్లు కొడుతూ వేదికెక్కి నా భుజాల మీద శాలువా కప్పేశారు.

"ఇంకా అవలేదండీ!" అన్నాను.

"చాల్లేమ్మా, పాపం పియానో! ఫొటోకి ఇటు చూడు. అవతల బిర్యానీ చల్లారిపోతోంది," అన్నారు మైకులోనే. హాలంతా నవ్వింది.

శాలువాతోనే మళ్ళీ వాయించబోయాను. ఆయన పియానో మూత వేసేశారు. వేళ్ళు నలగకుండా ఎలా లాక్కున్నానో నాకే తెలియదు.

ఆటోలో అమ్మ అడిగింది, "మిషన్లు ఆగినయ్యి గదే, మళ్ళీ నడవలేదేం? మిల్లు మూసేశారా?"



ఈ క్రిస్మస్‌కు వాయించమని మొన్న కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "ఆపిన చోటు నుంచే మొదలుపెడతానండీ," అన్నాను. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

కోపం ఇంకా తగ్గలేదా అని అందరూ అడుగుతారు. ఆ మిల్లు తిరిగి కదలడం మా అమ్మ వినేదాకా తగ్గదు.