సింహాద్రి కూతురి లాగ్‌బుక్

దువ్వాడ స్టేషన్ వెనక వీధిలో ఉండే సింహాద్రి ఇరవై రెండేళ్లుగా ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ ఆపరేటర్. లోపల ఇనుము కాస్త మూతి ముడిచినా, క్యాంటీన్‌లో టీ తాగుతూనే పసిగట్టేస్తాడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే అనుకోండి. అంతటి మొనగాణ్ణి రెండున్నర గంటల సినిమా ఒకటి పడగొట్టేసింది.

అదొక టీనేజీ ప్రేమ సినిమా. అందులో పదో తరగతి పిల్ల మొదట అద్దంలో చూసుకుంటుంది. తర్వాత గది తలుపు వేసుకుంటుంది. తర్వాత ఊరికే నవ్వుతుంది. ఇంటర్వెల్‌కల్లా రైలెక్కేస్తుంది. ఆ పిల్లగా వేసిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. మొటిమంటే ఏమిటో డాక్టర్ని అడిగి తెలుసుకోవాల్సినంత నున్నని మొహం. సింహాద్రి అవేమీ పట్టించుకోలేదు. తన కూతురు యశస్వినీ పదో తరగతే. అద్దం అయింది. తలుపు అయింది. నవ్వు నిన్ననే అయింది. ఇక మిగిలింది రైలు. స్టేషన్ చూస్తే పెరటి గోడకి అవతలే!

ఫర్నేస్ మనిషికి తెలిసిన వైద్యం ఒక్కటే, లాగ్‌బుక్. షిఫ్టు దిగేవాడు గంటగంటకీ వేడెంతో గాలెంతో రాసి, ఎక్కేవాడికి అప్పజెప్పి సంతకం తీసుకుంటాడు. సింహాద్రి అలాంటి నల్లట్ట పుస్తకమే ఇంటికి తెచ్చాడు. ఓ రోజంతా రాసి, తను రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ భార్య రోజారమణికి అందించాడు.

"ఇదేటి? అది పిల్లా, ఫర్నేసా?"

"ఫర్నేస్ నయమే. నాను సినిమాలో సూసీసినాను. నువ్ సంతకం ఎట్టు."

మొదటి పేజీ ఇలా ఉంది: '7:10. అద్దం, పన్నెండు నిమిషాలు. 7:30. ఇడ్లీ వద్దంది. 7:35. ఆరు ఇడ్లీలు తింది. సాయంత్రం 5:00. తలుపు మూత. లోపల నవ్వు, ఒకటిన్నర.' అరనవ్వును కొలిచే పరికరం భూమ్మీద సింహాద్రి దగ్గరే ఉంది.

పదిహేడో రోజు రోజారమణి సంతకం పెట్టనని మొండికేసింది. సింహాద్రి పుస్తకాన్ని సంచిలో వేసుకుని పొద్దుటి షిఫ్టుకి వెళ్లాడు. రెండింటికి దిగుతూ, అలవాటు చొప్పున ఓ నల్లట్ట పుస్తకం తర్వాతి షిఫ్టు ఆపరేటర్ పోలిరాజు చేతిలో పెట్టి బస్సెక్కాడు. బస్సు ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఫోను.

"బావా, 'లోపల ఏడుపు, కారణం తెలియదు' అని రాసినావ్. ఏ వాల్వు బావా?"

ఫోనులో పోలిరాజు వెనకనుంచి షిఫ్టు మొత్తం నవ్వింది. ఆ నవ్వుకి పోర్టులో ఓడలు హారన్ కొట్టి జవాబిచ్చాయి.

పోలిరాజు కూతురు మధులత, యశస్విని ఒకే బెంచీ. పోలిరాజు ఆగలేక ఇంటికి ఫోన్ కొట్టాడు; సాయంత్రం ట్యూషన్ అయ్యేసరికి సంగతి బెంచీ అంతటికీ తెలిసిపోయింది. యశస్విని ఇంటికొచ్చి, అరవలేదు, ఏడవలేదు. తలుపు వేసుకుంది. మర్నాడు పుస్తకం తిరిగొచ్చింది. కూతురి మాట మాత్రం రాలేదు. మూడు రోజులు చూశాడు. రైలెక్కకుండానే పిల్ల వెళ్లిపోయినట్టుంది సింహాద్రికి. నాలుగో రోజు సాయంత్రం తలుపు బయట చతికిలబడ్డాడు. అరగంట దాటాక తలుపు తట్టాడు.

"తల్లీ, ఆ సినిమాలో..."

"ఆ సినిమా నానూ సూసినాను నాన్నా. సగంలో నిద్దరొచ్చీసింది."

"మరి తలుపేసుకుని ఏటి సేత్తన్నావమ్మా?"

"ఏటీ లేదు. మొటిమ గిల్లుకుంటన్నాను. అమ్మ సూస్తే తిడతాది."

"మరా ఏడుపు?"

"అదెందుకొస్తందో నాకూ తెల్దు. తెలిస్తే నీ బుక్కులో నానే రాసీదాన్ని."

సింహాద్రి చంకలోని పుస్తకం తీసి ఆ పేజీ వెతికాడు.

"ఆ బుక్కు ఇలా తొయ్యి," అంది లోపల్నుంచి.

తలుపు కింద సందులోంచి తోశాడు. కాసేపటికి తిరిగొచ్చింది. చివరి పేజీలో గుండ్రటి అక్షరాలు: '6:20. తలుపు బయట నాన్న, నలభై నిమిషాలు. ఆకలేస్తోందా అని ఒక్కసారీ అడగలేదు.' కింద సంతకానికి చోటు వదిలింది.

సింహాద్రి సంతకం పెట్టాడు. పుస్తకాన్ని అటక మీదికి విసిరి, పళ్లెం నిండా ఇడ్లీలు తెచ్చాడు. తలుపు జానెడు తెరుచుకుంది.

మర్నాడు షిఫ్టు మారేటప్పుడు పోలిరాజు కన్ను గీటాడు. "ఎన్ని ఇడ్లీలు తిన్నాది బావా నిన్న పిల్ల?"

"ఏ ఇడ్లీలు బావా?" అన్నాడు సింహాద్రి, ఫర్నేస్ వేడి రాసుకుంటూ.