ఆడపిల్లే పుట్టాలని

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో నా ఉద్యోగం, కూకట్‌పల్లిలో కాపురం. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. లోపం నాదేనని అందరూ తేల్చేశారు. స్కానింగులు నాకు, సూదులు నాకు, ఉపవాసాలూ నాకే. మావారికి పరీక్ష అంటే చాలు, "మా వంశంలో అలాంటివి లేవమ్మా" అని అత్తగారు నా నోరు మూయించేవారు. కాలనీలో పేరంటాలకు ఆవిడనే పిలిచేవారు, నన్ను కాదు. ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. "ఈసారి మీరు లోపలికి వెళితేనే నేనూ వస్తాను" అన్నాను మావారితో. ఆయన వెళ్లారు.

వీర్యకణాలు బాగా తక్కువని తేలింది. రక్తం జన్యుపరీక్షకు పంపారు. మగవాళ్లకే ఉండే వై క్రోమోజోములో చిన్న ముక్క లేదట. వీర్యకణాలు తయారుచేసే జన్యువులు ఆ ముక్కలోనే ఉంటాయట. ఉన్న కొద్దిపాటి కణాల్లోంచి ఒకదాన్ని సూదితో అండంలోకి ఎక్కించవచ్చని డాక్టరుగారు ధైర్యం చెప్పారు.

"ఆడపిల్లయితే బెంగ లేదు. మగపిల్లాడైతే ఈ లోపం వాడికీ వస్తుంది" అన్నారు.

మాతో వచ్చిన అత్తగారు అంతా విన్నారు. ఇంటికొచ్చాక ఒకటే మాట. "బయట చెప్పకు."

అంటే ఊరి దృష్టిలో నేను గొడ్రాలిగానే ఉండిపోవాలన్నమాట. కోపంతో ఆవిడతో మాట్లాడడం మానేశాను.

మొదటి ప్రయత్నం విఫలమైంది. రెండోసారి కడుపు నిలిచింది. సీమంతానికి ఇల్లంతా ఆడవాళ్లే. ఇంటి ఓనరు భార్య నాకు గాజులు తొడిగి, అక్షింతలు చేతిలోకి తీసుకుంది.

"ఎన్ని మందులు మింగినవో బిడ్డా! నీ దోషం పోయింది. ఇగ మగపిలగాడే పుట్టాలె."

అత్తగారు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"అలా దీవించకండి. లోపం మా కోడలిది కాదండి, మా అబ్బాయిది. కొడుకు పుడితే వాడికీ వస్తుందట. ఆడపిల్లే పుట్టాలని దీవించండి."

గుమ్మంలో కాఫీల పళ్లెం పట్టుకుని నిలబడ్డ మావారు "అవునండి" అన్నారు.

"గట్లనా! అయితే లచ్చిందేవే పుట్టాలె" అంటూ ఓనరు భార్య అక్షింతలు నా నెత్తిన చల్లింది. గాజుల చేతులతో కళ్లు తుడుచుకున్నాను. ఇన్నాళ్లకు గెలిచాననిపించింది.

ఆడపిల్లే పుట్టింది. బయట చెప్పొద్దన్న మా అత్తగారు ఆసుపత్రి వరండాలో మిఠాయి పంచుతూ, అడగనివాళ్లకు కూడా మొదటినుంచీ కథంతా చెప్పారు.