కోట పాతరలో ఆరిన దీపం

మా ఆళ్లగడ్డ వెనక కొండమీది కోట చరిత్ర చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఏం చెప్పను? కూలిన బురుజులు, ముళ్లకంపలు, ఎండిపోయిన బావి. ఏలిన రాజెవరో కూడా మా ఊళ్లో ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా మా అవ్వ చెప్పిన కథ ఒక్కటే.

శత్రువులు కోటను చుట్టుముట్టినప్పుడు ఆడవాళ్లనూ పిల్లలనూ జొన్నలు దాచే పాతరలోకి దింపి, పైన బండతో మూశారట. ఆ సంగతి తెలిసిన మగవాళ్లంతా ఆ పూటే పోరులో చచ్చారు. బండ తీయడానికి ఒక్కరూ మిగల్లేదు.

"ఇప్పటికీ లోపల ఊపిరి పీలుస్తాండారు. ఆడికి దీపం తీసుకపోతే ఊదేస్తారు" అనేది అవ్వ. నాయన పగలబడి నవ్వేవాడు. ఆయన నవ్వితే నేనూ నవ్వేదాన్ని.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం మా ఇంటి పాతరలోకి చెమ్మ దిగి జొన్నలు బూజు పట్టాయి. అవి ఏడాది తిండి. మిగిలినవైనా కొండమీది కోటలో రాతిలో తొలిచిన ఆ పాతరలో పోద్దామని నాయన పట్టుబట్టాడు. ముందు దాన్ని చూసి రావాలని నాయన, మా పొలం పనులు చేసే సేద్యగాడు, నేను పొద్దున్నే కొండెక్కాం. నాకు పదిహేనేళ్లు. పైనుంచి చూస్తే నంద్యాల బస్సు లేపిన దుమ్ము కనిపించింది.

పాతర తెరిచాక దిగేముందు లోపలికి దీపం దింపడం మా వైపు ఇంటింటా ఉన్న పద్ధతే. దీపం ఆరితే లోపల ఊపిరాడని చెడ్డగాలి ఉన్నట్టు. ఒకరోజు తెరిచిపెట్టి ఆగాలి. ఇంటి దగ్గర నాయన ఎన్నిసార్లు అలా ఆగాడో నేను చూశాను.

బండ జరిపి, తాడు కట్టి లాంతరు దింపారు. సగం కూడా దిగలేదు, ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దింపినా అంతే.

"వద్దప్పా, రేపొద్దాం" అన్నాడు సేద్యగాడు. నాయన సరేనన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు నేను, నా నోరు పడిపోను, నవ్వుతూ అన్నాను: "ఏంది నాయనా, అవ్వ చెప్పిన దయ్యాలకు జడుస్తాండావా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "దయ్యాలా, నా తలకాయా!" అంటూ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పిలిచాను. "ఆ" అన్నాడు. మళ్లీ పిలిస్తే పలకలేదు. మేమిద్దరం పైకి లాగేసరికి నాయన ప్రాణం పోయింది.

దయ్యాలే తీసుకుపోయాయని ఊరంతా అంది. అవ్వ కూడా అదే చెప్పింది. కోట కథ చివర కొడుకును చేర్చి, వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను నోరు విప్పలేదు. పట్టపగలు పని చేసుకుంటుంటే వెనక నుంచి ఆ "ఆ" వినపడేది. ఇప్పటికీ ఎవరైనా ఒకసారి పలికి ఊరుకుంటే లేచి వెళ్లి ముఖం చూసొస్తాను.

నాలుగేళ్లకు నన్ను నంద్యాలకు ఇచ్చారు. బస్సెక్కే రోజు ఇక ఆపుకోలేక అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, "అవ్వా, ఆ పొద్దు కొండమీద నేను..." అన్నాను.

అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సేద్యగాడు ఆ పొద్దే చెప్పినాడు, నువ్వేమన్నావో. నేను మాత్రం దయ్యాలేనని చెప్తాండా. సచ్చేదాకా అట్లనే చెప్తా. నువ్వు గూడా అట్లనే చెప్పు."

నా పిల్లలకు అలాగే చెప్పాను.