మొగులప్ప గొంగడి

తడిసి బిగుసుకుపోయిన ముడిని బీరమ్మ గోళ్లతో విప్పుతోంది. మొగులప్ప కుడి మణికట్టును మంచం కోడుకు కట్టేసిన పాత బట్టపేలిక అది. దాని కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలింది.

"ఎవలు ఇప్పమన్నరు?" గుమ్మంలోంచి కంపౌండర్ పాండురంగం అడిగాడు.

"ఎవలు కట్టమన్నరు?" తల ఎత్తకుండానే అంది బీరమ్మ.

వికారాబాద్‌లోని ఆ చిన్న దవాఖానలో ఆమె ఆయాగా చేరింది పోలీసు చర్య జరిగిన ఏడు. ఎనిమిదేళ్లయింది. చదువు లేదు, కూర్చోబెట్టి నేర్పినవాళ్లూ లేరు. రోగిని లేపకుండా పక్కబట్ట మార్చడం, పళ్లు బిగబట్టినవాడికి చెంచాతో జావ పట్టించడం, అన్నీ చేస్తూ చేస్తూ పట్టుబడిన పనులే.

మొగులప్ప యాలాల్ దగ్గరి గొర్లకాపరి. ఊపిరితిత్తుల జ్వరంతో వచ్చాడు. జ్వరం దిగుతోంది గానీ మతి కుదుటపడలేదు. దుప్పటి కప్పితే చాలు, విసిరికొట్టి లేచి పరుగెడతాడు. నిన్న నర్సును తోసేశాడు. ఇది పిచ్చేనని, రేపు మధ్యాహ్నం రైలుకు హైదరాబాద్ పిచ్చాసుపత్రికి పంపాలని డాక్టరు తేల్చేశాడు.

"మల్ల లేస్తే నీ మీదనే చెప్త," అన్నాడు పాండురంగం.

"చెప్పు సాబ్. కొలువు పోతే పోతది. గీయన చెయ్యి మాత్రం కట్టనియ్య."

ముడి ఊడింది. ఆ పేలికను నేల తుడిచే బకెట్లో పడేసి, ముసలాయన కళ్లకు తన మొహం ఎదురుగా వచ్చేలా బీరమ్మ కింద చతికిలబడింది.

"పెద్దనాయినా, నేను పెద్దేముల్ కురుమోల్ల బీరమ్మను, నీ తీరే గొర్లు కాసేటోల్ల బిడ్డను. ఇది వికారాబాద్, దవాఖాన. నీకు జరమొచ్చింది, తగ్గుతాంది."

అదే మాట, అదే గొంతుతో, పదిసార్లు. పదకొండోసారికి ఆయన ఆమె కొంగు పట్టుకున్నాడు.

"బిడ్డా, నేనింక సావలే గదా. గీ తెల్లబట్ట ఎందుకు కప్పుతున్నరు?"

బీరమ్మ మంచం మీది తెల్లదుప్పటి వైపు చూసింది. నల్ల గొంగడిలో పుట్టి పెరిగినవాళ్లకు తెల్లబట్ట కప్పేది పాడె మీదే. తన తండ్రికీ అట్లాగే కప్పారు. ఎనిమిదేళ్లుగా తెల్లదుప్పట్లు పరిచీ పరిచీ ఆ సంగతి తానే మరిచిపోయింది.

కంపు కొడుతోందని వెనక వరండాలో పడేసిన ఆయన గొంగడిని వెతికి తెచ్చింది.

"పేన్ల మూట! మరిగే కాగుల వెయ్యి," అని అరిచాడు పాండురంగం.

"మరిగిస్తే గొంగడి ముడుసుకపోయి గోశంతైతది. సూదిమందు నీకెరుక సాబ్, ఉన్ని నాకెరుక."

కుంకుడు నురుగు కలిపిన చన్నీళ్లలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, పిండకుండా ఎండకు గోడ మీద పరిచింది. అది ఆరేదాకా ఆయనకు ఇంటి నుంచి తెచ్చిన తన ఎర్రచీర కప్పింది. మర్నాడు పొద్దెక్కేదాకా మళ్లీ ఎండబెట్టి, కట్టెతో దులిపి, అంచు అంచూ వేళ్లతో వెతికి, తెచ్చి ఆయన భుజాల మీద వేసింది. ముసలాయన దాన్ని ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

పదకొండింటికి డాక్టరు వచ్చాడు. "ఎక్కడున్నవో తెలుసా?"

"వికారాబాద్ దవాఖాన్ల. గీ బీరమ్మ చెప్పి చెప్పి నా చెవులు తిన్నది."

డాక్టరు నవ్వు ఆపుకుని గొంగడి వైపు చూశాడు. "ఇది వార్డులో ఉండొద్దు."

"తియ్యాల్నంటే మీ చేత్తోనే తియ్యుండ్రి సాబ్. నేను తియ్య."

డాక్టరు చెయ్యి చాచలేదు. హైదరాబాద్ పంపే కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో రోజు ఆయనను ఇంటికి తీసుకుపోవడానికి కూతురు భాగమ్మ తాండూరు రైలు దిగి వచ్చింది. బీరమ్మ ముసలాయనకు మొహం కడిగి, తల దువ్వి, కమిలిన మణికట్టుకు కొబ్బరినూనె రాసింది. ఆ చేతిని కూతురి చేతిలో పెట్టింది.

"ఇగో, మీ నాయిన. గొంగడిని వేడినీళ్లల్ల వెయ్యకు."